నలభై ఒకటో గిన్నె

రోజు 1

ఈ పుస్తకం ఇవాళే ఇచ్చారు. కుడి పేజీలో గళ్ళు గీసి ఉన్నాయి. గిన్నె నంబరు, ఎన్ని చుక్కల మేత వేశాం, నీళ్ళ రంగు, లెక్క. ఎడమ పేజీ ఖాళీ. కుడి పేజీ ఈ బొగ్గు బాయిది, ఎడమ పేజీ రాసేవాళ్ళది అని గిన్నెలు చూసే డాక్టరు నస్రీన్ మేడం చెప్పింది. ఎడమ పేజీలో ఏం రాసుకున్నా రాసినవాళ్ళు చదివి వినిపిస్తే తప్ప ఎవరూ చూడరట. నేను నాలుగో తరగతి దాకా చదివాను. తప్పులుంటే ఏమీ అనుకోవద్దన్నాను. గుండ్రంగా రాయనక్కర్లేదు, నిజంగా రాస్తే చాలంది మేడం. యంత్రాలు రాసిన లెక్కలు తప్పని తేలి అంతమంది పోయినప్పటి నుంచి గిన్నెల లెక్క మనిషి చేత్తోనే రాయాలని రూలు. అందుకే నాలాంటిదానికి ఈ పని దొరికింది.

పని చోటు మూడో లెవెల్‌లో. తాతల కాలంలో అక్కడ బొగ్గు తవ్వేవారు. ఇప్పుడు గోడలకు సున్నం వేసి అరలు కట్టారు. చల్లగా ఉంటుంది, పైన ఎండలకు తట్టుకోలేక అందరం ఈ బాయిలోనే బతుకుతున్నాం. పైన ఇవాళ ఎండకు రేకులు చిటపటమన్నాయని ఆరేసిన బట్టలు తేవడానికి పోయినవాళ్ళు చెప్పారు.

పని నేర్పింది బుచ్చన్న. అరవై దాటాడు, చేతులు వణుకుతాయి కాబట్టి చుక్కలు వెయ్యడు, చెప్పి చేయిస్తాడు. కొత్త కోడలికి చుట్టాలను చూపించినట్టు గిన్నెలన్నీ చూపించాడు. పై అరలో పొర గడ్డలు. మెదడు మీద ఉండే పొరలో పుడతాయి, ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతాయి. “ఇది అద్దెకున్నోని లెక్క చెల్లె. సప్పుడు చెయ్యదు. ఖాళీ చెయ్యమంటె చాలామట్టుకు చేస్తది” అన్నాడు. దాని పక్కన చెవి నరం గడ్డలు, ఒక చెవి మెల్లగా మూసుకుపోతుంది. ఆ పక్కన బఠాణీ గింజంత గ్రంథి మీద పుట్టేవి. వాటిలో కొన్నిటి వల్ల మనిషి చేతులు, పాదాలు, దవడ పెరిగి చెప్పులు పట్టవట. నడిమి అరలో నక్షత్ర కణాల గడ్డలు. చిన్నవి పెద్దగా చూపించే అద్దంలో చూస్తే కణం నక్షత్రంలా కాళ్ళు చాపి ఉంటుంది. వాటిలో నెమ్మదివి ఉన్నాయి, ఆరు నెలల్లో మనిషిని తినేసేవీ ఉన్నాయి. కింది అర పిల్లలది. చిన్న మెదడులో పుట్టేవి, మెదడులోని నీటి గదుల గోడలకు పుట్టేవి. పొద్దున లేవగానే వాంతులతో మొదలవుతాయి. రొమ్ము నుంచీ ఊపిరితిత్తుల నుంచీ మెదడుకు వలస వచ్చిన గడ్డలు కూడా ఉంటాయట, వాటికి వేరే గది.

ఇవన్నీ మనుషుల నుంచి తీసి గిన్నెల్లో బతికించుకుంటున్నవి. ఏ మందైనా ముందు గిన్నెకు, తర్వాతే మనిషికి. ఆ రకం గిన్నెలో పని చెయ్యని మందు ఆ రకం రోగికి ఇవ్వరు.

కింది అర చివర మెదడు కాండం గడ్డ ఒకటే ఉంది. నంబరు నలభై ఒకటి.

ఆ నంబరు చీటీ నా రవిక సంచిలో ఉంది. నా బిడ్డ రవళి తల నుంచి సూదితో ముక్క తీసిన రోజు నాతో వేలిముద్ర వేయించుకుని ఇచ్చారు. సొంతవాళ్ళ గిన్నె సొంతవాళ్ళకు ఇవ్వకూడదని రూలుంది. నేను ఎవరికీ చెప్పలేదు.

రోజు 4

మేత గులాబీ రంగులో ఉంటుంది. చల్లటి మేత వెయ్యకూడదు, సీసాను చంకలో పెట్టుకుని వెచ్చబరచాలి. గిన్నెలోవి తింటే గులాబీ పోయి పసుపు వస్తుంది. తినకపోతే గులాబీ అలాగే ఉంటుంది.

నలభై ఒకటి బాగా తింటుంది. రవళి చివరి నెలన్నర ఏమీ తినలేదు. పుట్టగొడుగుల గంజి చెంచాతో పోస్తే ముక్కులోంచి వచ్చేది. ఇవాళ ఆ గిన్నెకు ఒక చుక్క ఎక్కువ వేశాను. కుడి పేజీలో నాలుగని రాశాను. అయిదు వేశాను.

రోజు 7

చదివే రోజు. ఏడు రోజులకొకసారి మేత వేసేవాళ్ళు తమ పుస్తకం తామే అందరి ముందూ చదవాలి. గిన్నెల వాళ్ళ బంధువులు, మందు కోసం ఎదురు చూసేవాళ్ళు వచ్చి బల్లల మీద కూర్చుంటారు. వింటూ కొందరు వక్క నములుతారు, కొందరు ఏడుస్తారు. నేను మెల్లగా చదివాను. బుచ్చన్న వెనక నుంచి, “నీ బిడ్డ పెండ్లి పత్రిక చదువుతున్నవా చెల్లె, గింత మెల్లగ?” అన్నాడు. అతనికి నా సంగతి తెలియదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నలభై ఒకటి చదివినప్పుడు ఒకతను లేచి మళ్ళీ చదవమన్నాడు. పేరు సడవలి, గాలి పంకాలకు నూనె వేసే పని. ఎనిమిదేళ్ళ కూతురు తనుజకు కాండం గడ్డ. మెదడుకు కింద, వెన్నుపాముకు పైన ఉండే చోటది. ఊపిరి, మింగుడు, కంటి చూపు అన్నీ అక్కడి నుంచే నడుస్తాయి, అందుకని కత్తి పెట్టలేరు. తనుజ నుంచి తీసిన ముక్క గిన్నెలో బతకలేదట. అన్నీ బతకవు. ఈ బాయి మొత్తంలో ఆ రకం గిన్నె నాదొక్కటే.

“మంచిగ సూస్కో అక్కా దాన్ని” అన్నాడు సడవలి.

సరేనన్నాను.

రోజు 10

ఇవాళ మేడం అద్దంలో చూడనిచ్చింది. గిన్నె అడుగున సన్నటి దారాల్లా కాళ్ళు చాపుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. కదలడం కనబడదు. కానీ పొద్దున చూసిన చోట సాయంత్రం ఉండవు.

ఇవి పురుగులా మేడం అని అడిగాను. కాదంది. పిల్ల సొంత కణాలేనట. పిల్ల పెరుగుతుంటుంది కదా, పెరగమని చెప్పే మాట ఒంట్లో పుడుతూనే ఉంటుంది, ఇక చాలు అనే మాట మాత్రం ఈ కణాలకు వినబడకుండా పోయింది అంది.

నేను చాలాసేపు అదే ఆలోచించాను. రవళిని చంపింది బయటి నుంచి వచ్చింది కాదు. నా కడుపులో తయారైనదే. నేను పాలిచ్చి పెంచినదే. దేన్ని తిట్టాలి మరి.

మొదట మెల్లకన్ను వచ్చింది. ఆటకు చేస్తోందనుకుని కొట్టాను. తర్వాత లెవెల్ మెట్ల దగ్గర తూలడం. తర్వాత మాట ముక్కులోంచి. గడ్డ మాడాలని తలకు ముప్పై రోజులు కరెంటు పెట్టారు. మూడు నెలలు బాగుంది, పరిగెత్తింది కూడా. వాపు మందుకు మొహం ఇంత లావైతే అద్దంలో చూసుకుని, “అమ్మా, నేను లడ్డూలెక్క లేనా?” అంది. తర్వాత మళ్ళీ వచ్చింది. తొమ్మిదేళ్ళు నిండలేదు. దాని నాన్న అది పుట్టిన ఏడాదే పైకప్పు మీద కూలి చనిపోయాడు. రవళి బట్టలు కూడా రోగం బట్టలని తీసుకుపోయి కాల్చారు.

రోజు 14

చదివే రోజు. మేడం లేచి చెప్పింది. కాండం గడ్డకు కొత్త మందు వచ్చింది, మింగే మందు. రేపటి నుంచి పది రోజులు గిన్నెలో చూస్తాం. నలభై ఒకటిని ఆరు చిన్న గిన్నెలు చేస్తాం. మూడింటికి మందు, మూడింటికి ఉప్పునీళ్ళు. మందు వేసిన గిన్నెలు చచ్చి, ఉప్పునీళ్ళవి బతికితే తనుజకు మందు ఇస్తాం.

సడవలి తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

చుక్కలు వెయ్యాల్సింది నేను.

రోజు 15

ఆరు గిన్నెలు చేశాను. నీలం మూత సీసాలో మందు, తెల్ల మూత సీసాలో ఉప్పునీళ్ళు.

నీలం మూత సీసాలోంచి గొట్టంలోకి మూడు చుక్కలు తీశాను. గిన్నె మీదికి చెయ్యి పోయింది. బుచ్చన్న అవతలి అర తుడుస్తున్నాడు. గొట్టాన్ని తొట్టిలో పిండేశాను. తెల్ల మూత సీసా తీసి ఆరింటికీ అదే వేశాను.

కుడి పేజీలో ‘మందు వేశాను’ అని రాశాను. ఇక్కడ నిజం రాస్తున్నాను. వెయ్యలేదు.

రేపు వేస్తాను.

రోజు 16

వెయ్యలేదు.

రోజు 19

వెయ్యలేదు. గిన్నెలన్నీ పసుపు. బుచ్చన్న తొంగి చూసి, “మందు తాగుకుంట గూడ బలుస్తున్నయేందే ఇవి, మా బామ్మర్ది లెక్క” అన్నాడు.

ఇంటికి పోయి కూడా చేతులు కడుక్కుంటూనే ఉన్నాను. ఈ వారానికిచ్చిన నీళ్ళు అయిపోయాయి, పక్కింటామె బిందెడు ఇచ్చింది.

రోజు 21

చదివే రోజు. ‘మందు వేశాను’ అని ఏడుసార్లు చదివాను. గొంతు వణకలేదు. దానికే నాకు భయం వేసింది.

రోజు 24

లెక్క చూశారు. మందు వేసినవని రాసిన మూడూ, వెయ్యనివి మూడూ ఒకేలా పెరిగాయి. మేడం రెండుసార్లు లెక్కపెట్టింది. కళ్ళద్దాలు తీసి అక్కడే గట్టు మీద కూర్చుంది. ఈ మందు మీద చాలా ఆశ పెట్టుకున్నాను ఓదెమ్మా అంది. ఈ రకానికి పని చెయ్యదని చదివే రోజున చెప్పేసి, మందు సీసాలు వెనక్కి పంపేస్తారట. తనుజను ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టుకోమని సడవలికి చెప్పాలి. అదెలా చెబుతారో నాకు తెలుసు, రవళి అప్పుడు వేరే డాక్టరు నాకు అలాగే చెప్పాడు.

చెబుదామని నోరు తెరిచాను. మేత సీసాలు కడగాలా అని అడిగాను.

రోజు 26

పంపు దగ్గర సడవలి కూతుర్ని ఎత్తుకుని నిలబడ్డాడు. ఇంకా వాళ్ళకు లెక్క సంగతి తెలియదు. పిల్ల ఒక కన్ను మూసుకుని నన్ను చూసింది. రెండు కళ్ళూ తెరిస్తే ఇద్దరు కనబడతారు కాబట్టి అలా మూసుకుంటారు. రవళీ అంతే చేసేది.

“నువ్వేనా గడ్డలకు అన్నం పెట్టే అత్తవు?” అంది. మాట ముక్కులోంచి వచ్చింది.

అవునన్నాను.

“వాటికెందుకు పెడుతున్నవ్? మాడబెట్టు.”

సడవలి నవ్వి, అట్ల అనొద్దు బిడ్డా, అత్త మనకోసమే పెడుతుంది అన్నాడు. నా బిందె ఖాళీగానే పట్టుకుని వచ్చేశాను.

చాలాసేపు నులక మంచం మీద కూర్చున్నాను. రవళికి ఈ పిల్ల తెలుసా అని ఆలోచన వచ్చింది. ఏడాది వెనక తరగతి, తెలిసే ఉంటుంది. రవళికి కోపమెక్కువ. తన పలక ఎవరైనా ముట్టుకుంటే రక్కేది. కానీ ఎవరైనా పడితే మటుకు మొదట అదే లేపేది. అలా ఉండేది అని రాస్తే మనిషి మంచిదైపోతుంది, నాకు తెలుసు. అయినా అలాగే ఉండేది.

గిన్నెలో ఉన్నది ఎవర్నీ లేపదు. తింటుంది, అంతే.

రోజు 28

చదివే రోజు. బల్లలన్నీ నిండాయి. సడవలి ముందు వరసలో, తనుజ అతని ఒళ్ళో.

కుడి పేజీ ఒక్క వరస చదివాను. ‘పదిహేనో రోజు. మందు వేశాను.’ ఆగాను. పుస్తకం కొంచెం తిప్పి ఎడమ పేజీ చదివాను. ‘వెయ్యలేదు.’ పదహారు, వెయ్యలేదు. పంతొమ్మిది, వెయ్యలేదు. రాయని రోజులకు కూడా వెయ్యలేదని చెప్పాను. నాలుగని రాసి అయిదు వేసిన చుక్క సంగతి చెప్పాను. చీటీ తీసి బల్ల మీద పెట్టాను. నలభై ఒకటి నా బిడ్డ రవళిది అని చెప్పాను.

బుచ్చన్న తల దించుకున్నాడు.

మేడం నా దగ్గరకు వచ్చి, “ఓదెమ్మా, ఆ గిన్నెలో మీ బిడ్డ లేదు” అంది.

“తెలుసు మేడం. కానీ నా బిడ్డది ఇంకేదీ బతికి లేదు.”

సడవలి పిల్లను ఎత్తుకుని లేచాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

“పది రోజులా అక్కా?”

“పది.”

“పది రోజుల కింద నా బిడ్డ మెట్లెక్కింది” అన్నాడు. అంతే అన్నాడు. తనుజ ఎడమ కాలు అతని చేతుల్లోంచి ఊరికే వేలాడుతోంది. పంపు దగ్గర కూడా పిల్లను ఎత్తుకునే ఉన్నాడు, ఎందుకని నేనప్పుడు అడగలేదు.

బాయి పెద్దలు అక్కడికక్కడే తేల్చారు. ఇక నా చేతిరాత చెల్లదు. బాయిలో ఏ పుస్తకంలోనూ నేను లెక్క రాయకూడదు. అది సరే. మందు మళ్ళీ చూడాలి, పది రోజులు. చుక్కలు ఎవరు వెయ్యాలి అన్నారు. బుచ్చన్న చేతులు పనికిరావు, మేడానికి రోగులతోనే సరిపోతుంది, మిగతావాళ్ళకు పై అరలు తప్ప తెలియవు. పిల్లల గిన్నెలు నాజూకు, మేత వేడిలో కొంచెం తేడా వచ్చినా చస్తాయి. మందుకు చచ్చాయో, చేతకానితనానికి చచ్చాయో తెలియదు.

సడవలి అన్నాడు, “ఆమెనే వెయ్యనియ్యండి. నాకు ఆమె మీద నమ్మకం లేదు. పక్కన నిలవడి సూస్త. నేను రాస్త.”

రోజు 29

సడవలి పంకాల పని ఇంకొకరికి అప్పగించి వచ్చాడు. నూనె మరకల చేతులు మూడుసార్లు కడిగించింది మేడం. కుడి పేజీ అతను రాస్తున్నాడు, అక్షరాలు నావి కన్నా పెద్దవి. ఎడమ పేజీ రాసుకోనిచ్చారు.

నీలం మూత తీశాను. మూడు చుక్కలు. చెయ్యి గిన్నె మీద ఆగింది. సడవలి తొందర చెయ్యలేదు. నేను ఊపిరి పట్టి మొదటి చుక్క వదిలాను. గులాబీ నీళ్ళలో అది కనబడకుండా కలిసిపోయింది. తర్వాత రెండోది, మూడోది.

‘వేసింది. నేను చూశాను’ అని రాశాడు.

రోజు 32

మందు వేసిన మూడూ గులాబీగానే ఉన్నాయి. తినడం లేదు. ఉప్పునీళ్ళవి పసుపు.

సడవలికి సంతోషం. నా ముందు దాచుకోవాలని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. సంతోషపడు తమ్ముడూ అన్నాను. అతను నా మేత సీసా తీసి తన చంకలో పెట్టుకున్నాడు, వెచ్చబడాలి కదా.

రోజు 35

అద్దంలో చూశాను. కాళ్ళన్నీ ముడుచుకున్నాయి. పట్టుకున్నవి వదిలేసుకుని, గుండ్రంగా అయిపోయి, నీళ్ళలో తేలుతున్నాయి. నేను ఏడుస్తాననుకుని బుచ్చన్న గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. ఏడుపు రాలేదు. రవళి పోతుంటే ఎనిమిది రోజులు పక్కన కూర్చున్నాను. ఏదైనా చెయ్యండని అందరి కాళ్ళూ పట్టుకున్నాను. ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఆ రోజు కావలసింది ఈ సీసా. ఇది ముందే ఉండి ఉంటే నేనే నా చేత్తో దాని నోట్లో వేసేదాన్ని. ఇదే చెయ్యి గిన్నెలో వెయ్యనంది.

అది అర్థమయ్యాక అద్దం దగ్గర్నుంచి లేవలేకపోయాను.

రోజు 38

లెక్క అయింది. మందు వేసిన మూడింటిలో కణాలు నూటికి ఆరో ఏడో మిగిలాయి. ఉప్పునీళ్ళవి ఎప్పటిలాగే ఉన్నాయి. మేడం రెండుసార్లు లెక్కపెట్టి సంతకం పెట్టింది, సడవలి సంతకం పెట్టాడు. నాతో పెట్టించుకోలేదు.

గిన్నెలో చచ్చినంత మాత్రాన పిల్లలో చస్తుందని లేదని మేడం సడవలికి ముందే చెప్పింది. కాండం లోపలికి మందు చేరడమే కష్టమట. చేరినా ఆ కాలు మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేనంది. చూద్దాం మేడం అన్నాడు.

రోజు 39

తనుజకు మొదటి మందు. నేను పోలేదు, పోయే మొహం లేదు. బుచ్చన్న వచ్చి చెప్పాడు. మింగడానికి కష్టపడిందట. చేదని ఉమ్మబోతే సడవలి గడ్డం పట్టుకున్నాడట. మింగాక నోరు తెరిచి అందరికీ చూపించిందట, అయిపోయిందని. “సర్కస్ సూపెట్టినట్టు సూపెట్టింది చెల్లె” అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

సడవలి నాకు ఏమైనా చెప్పమన్నాడా అని అడిగాను. లేదన్నాడు.

రోజు 40

రేపటి నుంచి పుట్టగొడుగుల గదిలో పని. పుస్తకం ఇచ్చెయ్యాలి. ఉప్పునీళ్ళ గిన్నెలు మూడూ ఉంచుతారట, ఇంకో మందు వస్తే చూడటానికి. కొత్తగా ఎవరొస్తారో తెలియదు. వచ్చేవాళ్ళకు ఇది రాస్తున్నాను, మేడం ఉంచనిస్తానంది.

నలభై ఒకటికి మేత నాలుగు చుక్కలు. అయిదు వెయ్యకు. గిన్నె కదిలిస్తే కాళ్ళు వదిలేస్తాయి, అరలోంచి రెండు చేతులతో తియ్యి. మూత తీసినప్పుడు దాని మీద ఊపిరి పడనియ్యకు. పసుపు బాగా ముదిరేదాకా ఆగకు, లేతగా ఉన్నప్పుడే నీళ్ళు మార్చు. మార్చాక కాసేపు తినదు. కంగారు పడకు.

అది తొమ్మిదేళ్ళు నిండని ఒక ఆడపిల్లది. పేరు రవళి. చీటీ మీద నంబరే ఉంటుంది, పేరు నువ్వు తెలుసుకుని ఉండు. తెలిసినంత మాత్రాన దయ చూపించకు.

మందు వెయ్యమన్న రోజు మందు వెయ్యి. మూడు చుక్కలూ వెయ్యి. చెయ్యి ఆగితే కాసేపు ఆగనియ్యి, పక్కన ఎవరినైనా నిలబెట్టుకో, మళ్ళీ వెయ్యి. వేశాకే వేశానని రాయి.